కెమెరా ఇన్నాళ్లూ ఎవరి చేతిలో ఉంది?

ఊరికి మంచినీళ్ల ట్యాంకు వస్తుంది. పైపులు ఊళ్లో అన్ని వీధులకీ పోతాయి. మాల మాదిగ పేటల దగ్గరకొచ్చేసరికి ఆగిపోతాయి. ఎందుకయ్యా అని అడిగితే "ఎస్టిమేటులో అంతవరకే ఉంది" అంటారు. శ్మశానానికి దారి లేదంటే "రికార్డులో దారి ఉందే" అంటారు. టీ కొట్లో మనకి వేరే గ్లాసు పెడతన్నారంటే "ఈ రోజుల్లో ఇంకా అంటరానితనం ఎక్కడుంది, అదంతా మీ నాయకులు పుట్టించేది" అంటారు. మన నోటిమాట ఎవరికీ చాలదు. దానికి సాక్ష్యం కావాలంటారు. సాక్ష్యం చెప్పమంటే ఊళ్లో ఎవరూ ముందుకు రారు. వచ్చేవాడు మన పేటవాడే అయితే, తెల్లారితే ఆ ఆసామి చేలోకే కూలికి పోవాలి.

మరి ఆ సాక్ష్యం మన జేబులోనే ఉన్న సంగతి ఎందుకు మర్చిపోతున్నాం? ఇవాళ మన పేటల్లో కెమెరా ఫోను లేని ఇళ్లు తక్కువ. పుట్టినరోజు ఫోటోలు తీస్తున్నాం. సినిమా హీరో ఫ్లెక్సీ పక్కన నిలబడి ఫోటో దిగుతున్నాం. పొద్దున లేచి బిందెలు మోసే ఆడవాళ్ల బారు మాత్రం మనం ఒక్కసారి కూడా ఫోటో తీయలేదు. రోజూ చూసేదే కదా అనుకుంటాం. రోజూ చూసి చూసి అలవాటైపోయిన అన్యాయాన్ని మళ్లీ కొత్తగా చూపించే పని కెమెరా చేస్తుంది. ఈసారి ఆ సంగతే మాట్లాడదలుచుకున్నాం.

కెమెరా మన చేతికి కొత్త. మన మీదికి మాత్రం అది ఎప్పుడో వచ్చింది. 1857 తిరుగుబాటు అణిచాక తెల్లదొరలు ఈ దేశపు కులాల్నీ తెగల్నీ ఫోటోలు తీయించి, 1868 నుంచి 1875 దాకా 8 సంపుటాలు అచ్చేయించారు. పాలించాలంటే ఎవరెవరో తెలియాలి కదా! 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద 7 సంపుటాలు తెచ్చాడు. మద్రాసు మ్యూజియం పెద్దాయన ఆయన. మనుషుల ముక్కులు కొలిచాడు, తలలు కొలిచాడు. ఆ పుస్తకాల్లో మాలలూ ఉన్నారు, మాదిగలూ ఉన్నారు. ఫోటోల కింద చాలాచోట్ల మనిషి పేరు ఉండదు, కులం పేరే ఉంటుంది. పేరు లేని మనిషి వాళ్లకి ఒక నమూనా మాత్రమే.

1876-78 మధ్య ధాత కరువు వచ్చింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రంలో హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్లయిన మనుషుల్ని గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఆ ఫోటోలు ఇవాళ్టికీ ఉన్నాయి. వాటిలో కూర్చున్న తల్లి పేరేంటో, ఆమె ఒళ్లో బిడ్డ బతికిందో లేదో చెప్పేవాళ్లు లేరు. ఆకలిని చూపించటం ఒకటే సరిపోదని ఆ ఫోటోలు చెబుతున్నాయి. ఎవరు చూపిస్తున్నారు, ఎవరికి చూపిస్తున్నారు, చూపించాక ఏం చేస్తున్నారు అన్నదే అసలు సంగతి.

దొరలు పోయారు కదా అంటారేమో. ఉపాధి హామీ పని సంగతి చూడండి. 2021లో ఒక యాప్ తెచ్చి, 2023 జనవరి 1 నుంచి దేశమంతా తప్పనిసరి చేశారు. కూలీల ఫోటో రోజుకి రెండుసార్లు అందులో ఎక్కితేనే హాజరు పడేది. ఎండలో మట్టి తవ్వే మనిషి దొంగ కాదని ఫోటోతో రుజువు చేసుకోవాల్సొచ్చింది. సిగ్నలు లేక ఫోటో ఎక్కకపోతే చేసిన పనికి కూలి పోయింది. కూలివాడి మీద ఇంత నిఘా పెట్టినవాళ్లు, కట్టకుండానే బిల్లు ఎత్తిన కాలవని ఎన్నిసార్లు ఫోటో తీశారు? తాళం పడ్డ హాస్టలు మరుగుదొడ్డిని తీశారా? ఆ పని వాళ్లు చేయరు, మనమే చేయాలి.

మనకంటే ముందు ఈ పని చేసినవాళ్లున్నారు. అమెరికాలో గార్డన్ పార్క్స్ అనే నల్లజాతి మనిషి తాకట్టు కొట్టులో పాత కెమెరా కొనుక్కుని ఫోటోలు తీయటం మొదలుపెట్టాడు. 1942లో వాషింగ్టన్లో ఒక ప్రభుత్వాఫీసు ఊడ్చే ఎల్లా వాట్సన్ అనే నల్లజాతి స్త్రీని ఫోటో తీశాడు. ఒక పక్క చీపురు, ఇంకో పక్క నేల తుడిచే కర్ర, వెనక గోడకి అమెరికా జెండా. అందరికీ స్వేచ్ఛ అని చెప్పుకునే దేశంలో ఆ జెండా ముందు చీపురుతో నిలబడింది ఎవరో ఆ ఫోటో చూపించింది. పార్క్స్ అక్కడితో ఆగలేదు. ఆమె ఇంటికి పోయాడు, ఆమె సాకే పిల్లల్ని తీశాడు, ఆమె ప్రార్థన చేసుకునే చర్చి తీశాడు. ఆమె పేరు మనకి తెలుసు. థర్‌స్టన్ పుస్తకానికీ దీనికీ తేడా అదే.

1955లో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి పిల్లవాణ్ణి మిసిసిపీలో తెల్లవాళ్లు చిత్రహింసలు పెట్టి చంపారు. ముఖం గుర్తుపట్టే వీలు లేకుండా చేశారు. వాళ్లమ్మ మామీ, శవపేటిక మూత తెరిచే ఉంచాలని పట్టుబట్టింది. నా బిడ్డకి చేసింది లోకమంతా చూడాలంది. నల్లవాళ్లు నడిపే జెట్ అనే చిన్న పత్రిక ఆ ఫోటో అచ్చేసింది. అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ హంతకుల్ని వదిలేసింది. ఆ ఫోటో చూసిన తరం మాత్రం ఊరుకోలేదు. ఇక్కడ మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఆ బిడ్డని లోకానికి చూపించాలన్న నిర్ణయం ఫోటోగ్రాఫరుది కాదు, ఎడిటరుది కాదు. అది ఆ తల్లి నిర్ణయం.

మన దేశంలో కూడా ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. బొంబాయిలో సుధారక్ ఓల్వే అనే ఫోటోగ్రాఫరు మునిసిపాలిటీ సఫాయి కార్మికుల వెంట ఏళ్ల తరబడి తిరిగి ఫోటోలు తీశాడు. మురుగులో మెడలోతున దిగిన మనుషులు, చెత్త లారీల మీద కూర్చున్న మనుషులు, పని ముగించుకుని తమ గదుల్లో పిల్లలతో ఉన్న మనుషులు ఆ ఫోటోల్లో ఉన్నారు. ఆ నగరం తన చెత్త ఎవరు ఎత్తుతున్నారో అప్పటిదాకా చూడదలుచుకోలేదు.

మనవాడే ఇంకొకడు బెజవాడ విల్సన్. కోలారు బంగారు గనుల్లో పాకీపని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్ లాంటివాళ్లతో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ కట్టాడు. మనుషుల చేత మలం ఎత్తించటం నేరమని 1993లోనే చట్టం వచ్చింది. అయినా మా దగ్గర పాయిఖానా దొడ్లే లేవని రాష్ట్ర ప్రభుత్వాలు చెప్పుకుంటూ వచ్చాయి. ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకి పోయింది. ఊరూరా తిరిగి సర్వే చేశారు. దొడ్డి ఎక్కడుంది, ఎవరిది, ఎత్తేది ఎవరు అని రాసుకున్నారు, ఫోటోలు తీశారు. లేదన్నదాన్ని ఉందని చూపించారు. 2011 జనాభా లెక్కల్లో ప్రభుత్వమే 7,94,390 దొడ్లలో మలం మనుషులే ఎత్తుతున్నారని ఒప్పుకోవాల్సొచ్చింది. 2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు గుంతల్లో చనిపోయిన వాళ్ల కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలన్నారు. 2023 అక్టోబరులో అది 30 లక్షలయింది. ఫోటో ఒక్కటే ఇదంతా సాధించిందని మేం అనటం లేదు. కాగితం, లెక్క, ఫోటో, జనం, ఈ నాలుగూ ఒకేచోట కలిసినయి కాబట్టి సర్కారు అబద్ధం నిలబడలేదు.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. చెరువు నీళ్ల దగ్గర ఒక ఆడకూతురు బిందె ఎత్తి ఎదురు తిరిగినందుకు మొదలైన గొడవ అది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి, శవాల్ని గోతాల్లో కుక్కి మురుగు కాలవలో వేశారు. అప్పుడు మన చేతుల్లో కెమెరాలు లేవు. చూసిన కళ్లే సాక్ష్యం. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు సాక్ష్యాలు చాలవని అందరినీ వదిలేసింది. ఫోటో ఉంటే శిక్ష నిలబడేదని చెప్పటానికి మేం జ్యోతిష్కులం కాదు. మన మనుషులు కళ్లారా చూసి, ప్రాణాలకి తెగించి బోనెక్కి చెప్పినా నమ్మని వ్యవస్థ ఇది. అట్లాంటి వ్యవస్థ ముందుకి వట్టి చేతులతో పోకూడదని మాత్రం గట్టిగా చెబుతున్నాం.

ఇంకో సంగతి కూడా చూడాలి. ఇవాళ కెమెరా కొట్టేవాడి చేతిలో కూడా ఉంది. 2016 జూలై 11న గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలిచే దళిత యువకుల్ని బట్టలిప్పి, బండికి కట్టి కొట్టారు. కొట్టినవాళ్లే వీడియో తీసి ఊరంతా తిప్పుకున్నారు. మన అవమానం వాళ్లకి పండగ. తమ మీద కేసే పడదన్న ధీమాతో తీసిన వీడియో అది. ఆ వీడియోనే వాళ్ల మెడకి చుట్టుకుంది. ఎట్లా చుట్టుకుంది? చూసి ఏడ్చి ఊరుకుని ఉంటే చుట్టుకునేది కాదు. గుజరాత్ దళితులు చచ్చిన గొడ్లని తెచ్చి కలెక్టరాఫీసు ముందు పడేశారు. మీ గోమాత, మీరే పాతిపెట్టుకోండి అన్నారు. అహ్మదాబాదు నుంచి ఊనాకి నడిచి ఆగస్టు 15 నాటికి చేరారు. వీడియో నిప్పురవ్వ అయితే దాన్ని రాజేసింది జనం నడక. మన దగ్గర 2016 జనవరిలో హైదరాబాదు యూనివర్సిటీ హాస్టలు నుంచి గెంటేసినపుడు, అంబేద్కర్ పటం చేత్తో పట్టుకుని బయటకొస్తున్న రోహిత్ వేముల ఫోటో కూడా అంతే. ఆ ఫోటో వెనక వెలివాడ గుడారం ఉంది, గుడారంలో జనం ఉన్నారు. అందుకే అది ఇవాళ్టికీ చావలేదు.

సరే, మనం ఏం చేయాలి? కార్యకర్తలకి, పేట పెద్దలకి, చదువుకునే పిల్లలకి నాలుగు మాటలు చెప్పదలుచుకున్నాం.

మొదటిది. మన మురికిని ఒక్కదాన్నే తీయొద్దు. పేటలో మురుక్కాలవ ఫోటో ఒక్కటీ చూపిస్తే "వీళ్లకి శుభ్రత లేదు" అని మననే తిడతారు. ఊళ్లో సిమెంటు కాలవ తీయండి. అది ఏ ఇంటి దగ్గర ఆగిందో తీయండి. ఊరి మురుగంతా మన పేటలోకి ఎట్లా పారుతుందో తీయండి. మూడూ వరసగా పెట్టండి. అప్పుడది పేదరికం ఫోటో కాదు, కులం ఫోటో. రోడ్డయినా, కరెంటు స్తంభమయినా, నీళ్ల పైపయినా అంతే. ఊరునీ వాడనీ పక్కపక్కన చూపించాలి.

రెండోది. తేదీ, టైము, చోటు, తీసినవాళ్ల పేరు నోటుబుక్కులో రాయాలి. ఒకే చోట నిలబడి నెలకోసారి తీయాలి. మార్చిలో ఎండిన బోరు, ఏప్రిల్లో ఎండిన బోరు, మేలో ఎండిన బోరు చూపిస్తే "నిన్ననే చెడిపోయింది, రేపు బాగుచేస్తాం" అనే మాట చెల్లదు.

మూడోది. ఫోటోని కోయొద్దు, రంగులు మార్చొద్దు, మీద రాతలు రాయొద్దు. వాట్సాప్‌లో పంపితే ఫోటో చిన్నదైపోతుంది, ఎప్పుడు తీశారో చెప్పే వివరాలు పోతాయి. అసలు ఫోటో ఫోనులోనే ఉంచి, నకలు ఇంకో ఇద్దరి దగ్గర దాచాలి. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షను ప్రకారం ఇట్లాంటి ఫోటో, వీడియో కోర్టులో చెల్లాలంటే దానితోపాటు ఒక సర్టిఫికెట్ పెట్టాలి. దాడి కేసులో ఫోటో ఉంటే మొదటి రోజే వకీలుకి చూపించండి. పోలీసులు ఫోను తీసుకుంటే ఊరికే ఇవ్వొద్దు, జప్తు కాగితం రాసిమ్మని అడగండి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఫోటో తీసే ముందు ఆ మనిషిని అడగాలి. ఎందుకు తీస్తున్నామో, ఎవరికి చూపిస్తామో చెప్పాలి. ఒద్దంటే ఒద్దు. వేరే గ్లాసులో టీ తాగుతున్న ముసలాయన ముఖం మనం బయటపెడితే, రేపు ఆయనకి ఊళ్లో అప్పు పుట్టదు, కూలి దొరకదు. గ్లాసులు తీయండి, వాటిని పెట్టిన చూరు తీయండి, కొట్టు తీయండి. ముఖం లేకపోయినా నిజం తెలుస్తుంది. అత్యాచారానికి గురైన ఆడకూతురు ఎవరో తెలిసేట్టు ఫోటో గానీ పేరు గానీ బయటపెట్టటం నేరం. పిల్లల విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంది. చట్టం సంగతి అట్లుంచి, అది మన బిడ్డ పరువు. దెబ్బతిన్న మనిషిని స్టేటస్‌లో పెట్టుకోవటం పోరాటం కాదు. మన ఏడుపుని ఫోటోలు తీసి నిధులు తెచ్చుకునే సంస్థల్ని చూసి చూసి ఉన్నాం. ఆ పని మనమే చేస్తే ఇక తేడా ఏముంది?

ఐదోది. ఒంటరిగా పోవద్దు. ఇసక లారీలు తీసినా, ఆక్రమించిన అసైన్డు భూమి తీసినా, ఎదటివాడు ఊరుకోడు. సంఘంగా పోవాలి, పట్టపగలు పోవాలి, పోయేముందు ఎవరికో ఒకరికి చెప్పి పోవాలి.

ఇక ఎట్లా తీయాలో మన అక్కలు ఎప్పుడో నేర్పారు. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో, డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడవాళ్లు వీడియో కెమెరా పట్టారు. వాళ్లలో చాలామంది బడి ముఖం చూడనివాళ్లు. 2001 నుంచి తమ మీడియా ట్రస్టు తామే నడిపారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసి మునిగిన రైతుల దగ్గరకి పోయి, కంపెనీ మాటలకీ చేలో పంటకీ ఉన్న తేడా 2003లో సినిమాగా చూపించారు. కెమెరా భాషని కూడా వాళ్లు తమ బతుకులోంచే తీసుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే అది పటేలు షాట్. కిందనుంచి పైకి చూస్తే బానిస షాట్. కంటికి ఎదురుగా సమానంగా చూస్తే అది సంఘం షాట్. సంఘంలో అందరూ చాప మీద సమానంగా కూర్చుంటారు కాబట్టి ఆ పేరు. ఎన్ని కాలేజీలు తిరిగినా ఇంతకంటే మంచి పాఠం దొరకదు. మన ముసలమ్మని నిలబడి పైనుంచి తీయొద్దు. కూర్చోండి. ఆమె కళ్లకి ఎదురుగా కెమెరా పెట్టండి. ఆమె పేరు రాయండి.

దెబ్బల్నే తీయాలని కూడా లేదు. డప్పు కాల్చే చేతులు, చెప్పు కుట్టే చేతులు, నాట్లు వేసే వరస, ఏప్రిల్ 14 ఊరేగింపు, హాస్టలు లైటు కింద చదువుకునే పిల్ల, ఇవన్నీ మన ఫోటోలే. మనల్ని శవాలుగా, బాధితులుగా మాత్రమే చూపించే పెద్ద పత్రికలకి అదీ ఒక జవాబే.

తీసిన ఫోటోలు ఫోనులో పడి ఉంటే లాభం లేదు. నాలుగు రూపాయలు వేసుకుని కాగితం మీద వేయించండి. అట్టకి అంటించి ముందు మన పేటలో, అంబేద్కర్ విగ్రహం దగ్గర పెట్టండి. చదువు రాని అక్కా అన్నా కూడా చూస్తారు, ఇంకా ఏం తీయాలో వాళ్లే చెబుతారు. తర్వాత అర్జీ రాసి, ఫోటోలు జతచేసి, సోమవారం గ్రీవెన్సులో కలెక్టరుకి ఇచ్చి రశీదు తీసుకోండి. నెల చివర పౌరహక్కుల దినం పేరుతో తహసీల్దారు, ఎస్సై ఊళ్లోకి వస్తారు. చాలాచోట్ల పంచాయతీ ఆఫీసులో కూర్చుని సంతకాలు పెట్టించుకుని పోతారు. ఆ రోజు ఈ అట్టలు వాళ్ల ముందు పెట్టండి. నీళ్లకి, దారికి, శ్మశానానికి మనల్ని అడ్డుకోవటం 1989 అత్యాచార నిరోధక చట్టం కింద నేరం. తెలిసీ కావాలని విధి చేయని అధికారి మీద 4వ సెక్షను ఉంది. ఫోటో, రశీదు చేతిలో ఉంటే "మాకు తెలియదు" అనే మాట వాళ్లకి మిగలదు. ఆ చట్టం కిందొచ్చే కేసుల విచారణ అంతా వీడియో తీయాలని 2016 జనవరి నుంచి 15ఏ సెక్షను చెబుతోంది. అది మన హక్కు, కోర్టులో అడగండి.

అన్నలారా, అక్కలారా! ప్రతి పేటలో ఇద్దరిని ఎంచుకోండి. అందులో ఒకరు ఆడపిల్ల కావాలి. నీళ్లు, దారి, దీపం, బడి, శ్మశానం, ఈ ఐదూ ఊళ్లో ఎట్లున్నాయి, వాడలో ఎట్లున్నాయి? పది ఫోటోలు తీయండి. తేదీలు రాయండి. వచ్చే పౌరహక్కుల దినం నాటికి అట్ట సిద్ధం చేయండి. ఒక నకలు మాకు పంపండి, చోటు ఉన్నంతమేర అచ్చేస్తాం. మీ ఊళ్లో అధికారి ఏమన్నాడో కూడా రాయండి, అదీ అచ్చేస్తాం.

జై భీమ్.